అడక్కుండా రాసిన పేర్లు

మా ఆర్మూరులో మామూలు మనిషి పేరు గోడెక్కిందంటే రెండే కారణాలు ఉండేవి. ఒకటి, ఆ మనిషి పోయి ఉండాలి. రెండు, మా కాకా కంట్లో పడి ఉండాలి.

పోయిన వానాకాలం ఈ రెండూ కలగాపులగమైపోయాయి. పాత బస్టాండు దగ్గర, నా కళ్ళద్దాల షాపుకు ఎదురుగా, కాకా ఫొటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. నోరు మూసుకున్న ఫొటో ఆయనది ఇల్లంతా వెతికినా దొరకలేదట. చేసేది లేక నోరు తెరిచి, చెయ్యి పైకెత్తి ఎవరినో పిలుస్తున్న ఫొటోనే వేశారు. దొంకేశ్వర్ నుంచి అద్దాలు మార్చుకోవడానికి వచ్చిన ఒక రైతు నా షాపు బల్ల మీద కూర్చుని, ఆ ఫ్లెక్సీ వైపు కళ్ళు చిట్లించి చూసి, "మేడం, ఈసారి గోదాంల ఏం ప్రోగ్రాం ఉన్నదట?" అని అడిగాడు.

కాకా పోయాడని చెప్పడానికి నోరు తెరిచాను. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపు. ఆయన పోయిన నాలుగు రోజులకు నేను సరిగ్గా ఏడ్చింది అప్పుడే. పాపం ఆ రైతు, తన కంటికేదో పెద్ద జబ్బు ఉందేమోనని బెదిరిపోయాడు.

కాకాకు పేరు లేక కాదు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన కాకానే, అంతే. మార్కెట్‌లో ముప్పై ఏళ్ళు దడ్వాయి పని చేశాడు. అంటే పసుపు బస్తాలు కాంటా మీద తూచి, బరువు గట్టిగా అరిచి చెప్పే పని. అంత గోలలో తన గొంతు తనకు వినబడాలని ఎడమ చెవిని అరచేత్తో మూసుకునేవాడు. పని మానేశాక కూడా ఆ చెయ్యి మానలేదు. టీ కావాలన్నా చెవి మూసుకునే అడిగేవాడు. హోటల్ వాడు చెవులు రెండూ మూసుకుని ఇచ్చేవాడు.

నా దగ్గరికి మొదటిసారి కంటి పరీక్షకే వచ్చాడు. గోడ మీద అక్షరాల చార్టు చూపించి చదవమన్నాను. కాంటా దగ్గర నిలబడ్డట్టే నిలబడి, రోడ్డవతల మిర్చిబజ్జీల బండి వాడికి వినపడేలా పై వరస నుంచి కింది వరస దాకా తడుముకోకుండా చదివాడు. కింది వరసలో ఒక్క అక్షరమూ సరి కాదు.

"కాకా, ఆఖరు లైను నీకు కనబడలేదు కదా?"

"కనబడలే."

"మరి చదివినవ్ కదా?"

"అక్కడ ఏముంటే మంచిగుంటదో గది చెప్పిన" అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

ఆ ఒక్క మాటలో మనిషి మొత్తం ఉన్నాడని నాకు తెలియడానికి మరో ఏడాది పట్టింది.

పని మానేశాక కాకా ఒక సేటును పట్టుకున్నాడు. ఆ సేటుకు మార్కెట్ వెనకాల ఒక పాత పసుపు గోదాము ఉండేది. నెలలో మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి దాని తాళం తీయించి, పాడేవాళ్ళు పాడొచ్చు, వాయించేవాళ్ళు వాయించొచ్చు, బొమ్మలేసేవాళ్ళు గోడకు తగిలించొచ్చు అన్నాడు. దానికి కమిటీ లేదు, అధ్యక్షుడు లేడు, శాలువాలు లేవు. పక్కన పడేసిన పాత కాంటా పళ్ళెమే స్టేజీ. దాని మీద ఎక్కి నిలబడగానే ముల్లు గిర్రున తిరిగి మనిషి బరువెంతో సభకంతా చెప్పేసేది. ఆడవాళ్ళు ఎక్కేటప్పుడు కాకా పరుగెత్తుకొచ్చి ముల్లు మీద తన తువ్వాల కప్పేవాడు. ఇంటికెళ్ళి చూసుకుంటే అందరి పాదాలూ పసుపు రాసుకున్నట్టు ఉండేవి.

నెలనెలా పోస్టర్లు కూడా ఆయనవే. పాత క్యాలెండర్ల వెనక వైపు ఎర్ర స్కెచ్ పెన్నుతో పైన 'రాబోయే కార్యక్రమాలు' అని రాసేవాడు. కింద పేర్లు. అన్నిటికన్నా కింద, 'ఎవరి కుర్చీ వారే తెచ్చుకోవలెను. చప్పట్లు తప్పనిసరి.'

గొడవంతా మధ్యలో ఉన్న పేర్లతోనే. ఆయన ఎవరినీ అడిగేవాడు కాదు. రాసేసేవాడు.

పెర్కిట్‌కు షేర్ ఆటో నడిపే సలీం భాయ్ ఒకరోజు పొద్దున్నే తన స్టాండు గోడ మీద 'సలీం భాయ్ – బెంజో' అని చదువుకున్నాడు. బెంజో వాయించింది వాళ్ళ నాన్న. ఆయన పోయి పదేళ్ళు. ఆ వాయిద్యం మంచం కింద గుడ్డలో చుట్టి ఉందని ఎవరో అంటే కాకా విన్నాడు, అంతే.

"నాకు రాదు కాకా, ఖుదా కసం" అన్నాడట సలీం.

"రాదని ఎవలు జెప్పిండ్రు?"

కాకా ఈ ప్రశ్న మాట వరసకు అడిగేవాడు కాదు. అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురు చూసేవాడు. అక్కడే మనం చిక్కుకుపోయేవాళ్ళం.

"ఎవరు చెప్పుడేంది, నాకే తెలుసు."

"నువ్వు గాక ఇంకెవలన్న జెప్పిండ్రా?"

"లేదు."

"ఇగ అయితే జరుగుతది" అనేసి కాకా వెళ్ళిపోయాడు. సలీం మూడు వారాల్లో ఒకటిన్నర పాట నేర్చుకున్నాడు. ఆ సగం పాట దగ్గర ఆగిపోయి దిక్కులు చూస్తుంటే, జనం మిగతా సగం పాడి పూర్తి చేశారు. ఇప్పుడు సలీం ఆటోలో ఎక్కాలంటే పక్క సీట్లో ఉన్న బెంజోకు చోటిచ్చి సర్దుకుని కూర్చోవాలి.

గోదాం తాళమిచ్చిన సేటును కూడా వదల్లేదు. 'సేటు గారు – కవిత' అని రాశాడు. సేటుకు కోపమొచ్చి తాళం వెనక్కివ్వమన్నాడు. ఆదివారం నాడు మాత్రం ఇస్త్రీ బట్టలు వేసుకుని పన్నెండు పేజీలతో వచ్చాడు. ఆయన్ని ఇప్పటికీ ఆపలేకపోతున్నాం.

తరువాత నా వంతు వచ్చింది.

నేను ఈల వేస్తాను. అది ఎవరికీ తెలియదనుకున్నాను. చిన్నప్పుడు మాక్లూర్‌లో మా నాన్న చేత ఈల కోసం తిన్నన్ని దెబ్బలు దేనికీ తినలేదు. ఆడపిల్ల ఈల వేయడమేమిటని ఇంటా బయటా ఒకటే మాట. పెళ్ళయ్యాక మానేశాననే అనుకున్నాను. కానీ షాపులో అద్దాలు అరగదీసే మిషన్ ఆన్ చేస్తే ఆ చప్పుడు మాటున పెదవులు వాటంతటవే సున్నా చుట్టేవి. కాకా ఫ్రేము స్క్రూ బిగించుకోవడానికి వచ్చి ఓ మధ్యాహ్నం బల్ల మీద కూర్చున్నాడు. వారం తిరిగేసరికి పాత బస్టాండు గోడ మీద, అందరూ చదువుకునే ఎత్తులో, 'కళ్ళద్దాల షాపు మేడం – ఈల పాట.'

షట్టరు సగం దించి బయటికి పరుగెత్తి ఆ పోస్టర్ చింపాను. మార్కెట్ గేటు దగ్గర ఒకటి, టీ హోటల్ దగ్గర ఒకటి చింపాను. ఆ ముక్కలు పట్టుకుని కాకా మీదికి వెళ్ళాను. హోటల్ ముందు స్టూలు మీద కూర్చుని సాసర్‌లో టీ పోసుకుంటున్నాడు.

"ఏంది కాకా ఇది?"

"మూడే చింపినవా?" అన్నాడు ముక్కలు చూసి. "పెర్కిట్ల రెండున్నయి, అవి చూడలేదా?"

"నవ్వులాట కాదు. ఆడోళ్ళు ఈల ఏస్తే ఈ ఊర్ల ఊకుంటరా?"

"ఎవలు ఊకోరు? పేర్లు జెప్పు. వాళ్ళ పేర్లు గూడ రాస్త."

"నీకు దండం పెడుత, నా పేరు కొట్టెయ్."

సాసర్ కింద పెట్టాడు. "చూడు బిడ్డా. నువ్వు చింపకముందు నీ పేరు సగం ఊరే చదివింది. ఇప్పుడు చింపిన కాడ ఏముండెనని మిగతా సగం నన్ను అడుగుతున్నది. నేనైతే అబద్ధం చెప్ప. నేనేం జెయ్యాలె?"

ఇంటికెళ్ళేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. మా ఆయన కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా భయమంతా మా అత్తమ్మ గురించి. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా, "గోడ మీద నీ పేరున్నదట" అంది.

"తప్పు పడ్డది అత్తమ్మా. చెరిపేయిస్త."

"ఈల అంటే, నోటితోనా?"

"ఔ."

అంతే. మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. తిట్టినా బాగుండునని ఆ మూడు వారాలూ అనుకున్నాను.

కార్తీక మాసంలో వచ్చింది ఆ ఆదివారం. కాంటా పళ్ళెం మీద నిలబడ్డాను. కాకా తువ్వాల కప్పాడు, చెవి మూసుకుని నా పేరు అరిచాడు. ఎదురుగా చూస్తే మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తమ్మ. ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది. నా నోరు పిడచకట్టుకుపోయింది. ఎండిన పెదవులతో ఈల రాదు. ఊదాను. ఉఫ్ మని గాలి వచ్చింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ గాలే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు కాకా మెల్లగా వచ్చి సరిగ్గా నా ముందు గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి ఉసిరికాయ తీశాడు. కాగితం పొట్లం విప్పి ఉప్పూ కారం అద్దాడు. నా కళ్ళలోకే చూస్తూ కొరికాడు. ఒక కన్ను మూసుకుపోయింది, ముఖం అంతా ఒక పక్కకు తిరిగింది, ఆహా అని నాలుక చప్పరించాడు. ఇంకోసారి అద్దాడు. నా నోట్లో నీళ్ళు ఊరడం మొదలుపెట్టాయి. ఆపుకుందామన్నా ఆగలేదు. పెదవులు తడిశాయి. ఈసారి ఊదితే ఈల వచ్చింది.

మా అమ్మ పాడే బతుకమ్మ పాట వేశాను. గోదాము రేకుల కప్పుకు తగిలి ఆ ఈల ఎంత పెద్దదై తిరిగి వచ్చిందంటే, నాది కాదేమో అనిపించింది. అది మొత్తం వినడం నాకూ అదే మొదటిసారి. ఎప్పుడూ మిషన్ చప్పుడే కదా మీద ఉండేది.

ఇంటికి నడిచి వస్తుంటే కుర్చీ నెత్తి మీద పెట్టుకున్న అత్తమ్మ సగం దారిలో నిలబడింది. "మధ్యల ఒక కాడ దమ్ము తెంపినవ్. గక్కడ తెంపద్దు" అంది. ఆమె ఆ పాట అరవై ఏళ్ళుగా పాడుతోంది మరి.

ఇలా అందరి పేర్లూ రాసిన మనిషి తన పేరు ఒక్కసారి కూడా రాసుకోలేదు. అడిగితే, "నాకేమస్తది బిడ్డా, పిలుసుడు తప్ప" అనేవాడు. సలీం, నేను కలిసి ఒకసారి పగ తీర్చుకుందామనుకున్నాం. ఎర్ర స్కెచ్ పెన్ను కొని, ఆయన దస్తూరీలోనే 'కాకా – పాట' అని రాసి టీ హోటల్ గోడకు అంటించి, ఆటో వెనక దాక్కున్నాం.

కాకా వచ్చాడు. చదివాడు. దగ్గరికెళ్ళి మళ్ళీ చదివాడు. అరుస్తాడని ఎదురు చూశాం. టీ కూడా తాగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మూడు వారాలు మాలో ఎవరికీ కనబడలేదు. కోపమొచ్చిందేమోనని మాకు గుబులు పట్టుకుంది.

ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె పెట్టి, పక్క పాపిడి తీసుకుని వచ్చాడు. పళ్ళెం ఎక్కి, ముల్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, పాట ఎత్తుకున్నాడు.

నేను అబద్ధం రాయలేను. అంత ఘోరమైన పాట ఆ గోదాము అంతకుముందు వినలేదు. మార్కెట్ మొత్తానికి వినిపించిన గొంతే గానీ అందులో శృతి అనేది ఎక్కడా లేదు. సలీం బెంజోతో అందుకుందామని చూశాడు. ఆయన ఒక గల్లీలోకి పోతే బెంజో ఇంకో గల్లీలోకి పోయింది. రెండో చరణానికి జనం ఆపుకోలేక నవ్వారు. కాకా కూడా నవ్వాడు. నవ్వి, మూడో చరణం మొదలుపెట్టాడు. నాలుగూ పాడాడు. ఒక్క ముక్క వదల్లేదు.

అందరూ వెళ్ళాక, నేను నేల మీద పరిచిన దరీలు మడత పెడుతుంటే రెండో కొస పట్టుకున్నాడు.

"ఎట్లుండె బిడ్డా?"

"గొంతు మస్తు పెద్దగున్నది కాకా."

"శృతి?"

నేను దరీ వైపు చూశాను. "రాలేదు."

"నాకెరుకే" అన్నాడు హాయిగా. "పాడు అని ఎవలన్న అంటరేమోనని శాన ఏండ్లు చూసిన. ఎవలు అన్లే. పోనీలే, మీరన్న అన్నరు."

ఆయన అందరి పేర్లూ ఎందుకు రాసేవాడో ఆ దరీ మడతలో నాకు అర్థమైంది. మాలో ఏదో కళ ఉందని కనిపెట్టి కాదు. ఎవరూ తమను అడగలేదనే దిగులు ఆ ఊళ్ళో ఒక్కరికీ మిగలకూడదని.

పోయిన వానాకాలంలో ఛాతీలో నొప్పి అంటే నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్ళారు. దారిలోనే పోయాడు. వచ్చే మొదటి ఆదివారానికి పోస్టర్లు అప్పటికే ఊరంతా అంటించి ఉన్నాయి. ఆ నెల వద్దనుకున్నాం. అసలు ఇక ముందు కూడా ఎవరు పిలుస్తారు, ఎవరు వస్తారు అనుకున్నాం.

పదకొండో రోజు అయిపోయిన మర్నాడు, కాకా భార్య నా షాపు మెట్లెక్కింది. మేం చిన్నమ్మ అంటాం. ఇంట్లో బీడీలు చుట్టేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గోదాముకు రాలేదు. ఆమెకు ఇలాంటివి నచ్చవని మేమే తేల్చేసుకున్నాం.

"ఆదివారం ఉన్నదా, లేదా?" అంది నిలబడే.

"లేదు చిన్నమ్మా. ఎట్ల పెడుతం?"

"గోడల మీద మంది పేర్లున్నయి. నేర్చుకుంటుండొచ్చు. వాళ్ళకేం జెప్తరు?"

నేను ఎదురుగా గోడ మీదున్న పోస్టర్ వైపు చూశాను.

"నా పేరు గూడ రాయి" అంది.

"ఏమని రాయాలె చిన్నమ్మా? పాటనా?"

"పేరు రాయి, సాలు. ఏం జేస్తనో నాకెరుక."

అలాగే రాశాం. 'చిన్నమ్మ' అని రాసి, పక్కన ఖాళీ వదిలాం.

ఆ ఆదివారం గోదాము నిండిపోయి జనం గుమ్మం బయట నిలబడ్డారు. చిన్నమ్మ వచ్చి, పళ్ళెం ఎక్కకుండా నేల మీదే నిలబడి, "మీరు చూసిన మనిషి వేరు. నా ఇంట్ల ఉన్నోడు గీడు" అంది. అని, కొంగును దుప్పటిలా గొంతు దాకా లాక్కుని, భుజాలు ముడుచుకుని, ఒక్క క్షణంలో కాకా అయిపోయింది. గొంతుతో సహా. మాలో ఎవరికీ తెలియని కాకా.

"ఏమే, నాకు జరం వచ్చినట్టున్నది. జర నుదురు పట్టి చూడు."

వెంటనే తన గొంతుతో, "ఏం జరం లేదు. లేవు."

"కడుపుల తిప్పుతున్నదే."

"ఏం తిన్నవని?"

"ఎవ్వలు రారేమోనే ఇయ్యాల. ఎవ్వలు రాకుంటే గా పిల్ల ఈల ఎవలకు ఏస్తది? నన్ను నమ్మి వస్తది గదనే."

జనం విరగబడి నవ్వుతున్నారు. ఆమె చెప్పులేసుకుని గడప దాటింది, తిరిగి వచ్చింది. నీళ్ళు తాగింది, మళ్ళీ దాటింది, మళ్ళీ వచ్చింది. "నాకు పాణం బాగలేదని సలీంకు ఫోన్ జెయ్యవే" అంది బతిమాలుతూ. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఇదే తంతట. ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషికి భయం ఉండేదని మాకు ఒక్కరికీ తెలియదు. నేను నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాను. పక్కన అత్తమ్మ కూడా.

చిన్నమ్మ కొంగు విడిచి మామూలుగా నిలబడింది.

"ఇగ ఆయన్ని బయటికి నూకి, తలుపేసి, నేను గల్లీల వడేదాన్ని. ఇంటింటికి పొయ్యి, లేవుండ్రి, కుర్చీలు వట్టుకోండ్రి, గోదాంకు నడువుండ్రి అని. గల్లీ ఖాళీ అయ్యేదాంక అరుగు మీద నిలబడేదాన్ని. ఇంట్ల పిల్లలున్నరు అంటే, పిల్లల నాకాడ ఇడిసిపెట్టుండ్రి, పోండ్రి అనేదాన్ని. అందుకే నేను ఎన్నడు రాకపోతి."

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ గొంతు లేచింది. "నన్ను గూడ నువ్వే పంపితివి గదనే!" ఇంకో మూల నుంచి, "మమ్ముల గూడ!" అంటూ ఇంకెవరో. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇన్నేళ్ళూ తమను ఒక్కరినే పంపిందని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

"కాకాకు ఎరుకనా చిన్నమ్మా?" అని సలీం అడిగాడు.

"నేను చెప్పలే" అంది ఆమె. "మంది వచ్చిండ్రని ఉరుక్కుంట వచ్చి చెప్పేటోడు. గా ముఖం చూసినంక ఏం జెప్తం?"

కొంగు సర్దుకుని ముందు వరసలో కూర్చుంది. మా అందరి వైపూ ఒకసారి చూసి, పని ఆలస్యమవుతున్నట్టు విసుగ్గా అంది:

"ఊకె కూసున్నరేంది? ఇగ తర్వాత ఎవలది?"